పళ్లెమునకు ముందే పైకము

మిర్చికోతలు ముగిసి, టిక్కీలు గుంటూరు యార్డునకు చేరి, రైతు చేతిలో నాలుగు డబ్బులాడు చైత్రవైశాఖములలో, శావల్యాపురము మొదలైన మా పల్నాటి గ్రామములనుండి రెండు తెరగుల విహారయాత్రలు బయలుదేరుచుండును. మొదటిది పిల్లల పరీక్షలు ముగిసిన వెంటనే అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి పట్టి, పిడుగురాళ్ల, దాచేపల్లి గడచి, పొందుగల వద్ద కృష్ణను దాటి, హైదరాబాదు పొలిమేరలోని రామోజీ ఫిలింసిటీకో వండర్‌లాకో పోవునది. రెండవది కొడుకో కూతురో అమెరికాలో ఉద్యోగము చేయుచుండగా, ఆరునెలల విజిటర్ వీసాపై వెళ్లిన తల్లిదండ్రులను, మనుమల సెలవులు చూచుకొని, ఫ్లారిడా రాష్ట్రములోని ఆర్లాండోకు కొనిపోవునది. దూరములో వీనికి హస్తిమశకాంతరము ఉన్నను, టికెట్టు కొను వేళ ఫోనుతెరపై ఎదురగు ప్రశ్న మాత్రము రెండింటను ఒక్కటియే: ప్రవేశము మాత్రమే చాలునా, లేక భోజనమును కూడ ఇప్పుడే కొందురా?

ఈ ప్రశ్నకు మనవారి సమాధానము సాధారణముగా ఒక్క భాగహారముతో ముగియును. ప్యాకేజీ ధరను పూటలతో భాగించి, పూటకింత పడుచున్నదని తేల్చి, విడిగా కొన్నచో ఎంతయగునో విచారించి, నూరు రూపాయలు కలిసివచ్చునట్లు తోచెనేని బొత్తాము నొక్కుదురు. లెక్క తప్పు కాదు. అందులో మనుష్యులు లేరు. శనివారము ఒంటిపూట ఉండు నాయనమ్మ, చక్కెరవ్యాధి వలన వేళకు తినవలసినవాడై కూడ కొంచెమే తినగల తాత, ఎంత పెట్టినను ఇంకేమున్నదని అడుగు పదునేడేండ్ల కుఱ్ఱవాడు, రెండు ముద్దలకే మొగము తిప్పుకొను చంటిది, అందరి పళ్లెములలో మిగిలినదానినే తన భోజనముగా చేసికొను తల్లి, వీరందరును కూడినది ఒక కుటుంబము. అమ్మువానికి వీరు అయిదు తలలు మాత్రమే. వాని వద్దకు దినమునకు వేలమంది వత్తురు గనుక, ఎక్కువ తినువాని వలన కలిగిన నష్టము తక్కువ తినువాని వలన పూడి, సగటు వానికి ఎన్నడును తప్పదు. అయిదుగురు గల ఇంటికి సగటుతో పని లేదు. ఆ అయిదుగురిలో ముగ్గురు మితాహారులైనచో ఆ ఇల్లు పరుల ఆకలికి పన్ను కట్టినట్లే యగును.

భోజనమును ధర కట్టి అమ్ముట మనకు క్రొత్త కాదు. మా ఊరికి పొరుగుననే ఉన్న వినుకొండ ఇంటిపేరైన వల్లభరాయుని పేర వెలసిన క్రీడాభిరామములో (దానిని శ్రీనాథుడే రచించెనని వాదించిన పండితులును కలరు, ఆ తగవులోనికి నేను పోను) ఓరుగంటి వీథులలో తిరుగు మంచనశర్మకును టిట్టిభసెట్టికిని పూటకూటియింటి ప్రసంగము వచ్చును. ఒక్క రూకకు అచట లభించు గోధుమ పిండివంటను, పంచదారను, కాచిన నేతిని, పెసరపప్పును, అరటిపండ్లను కవి పేరుపేరున చెప్పెను. రూక ఇచ్చువానికి ఆ రూకకేమి వచ్చునో తెలియుచుండెనన్నమాట. నేటి ప్యాకేజీలలో ధర స్పష్టముగా కనబడును గాని, విస్తరిలో ఏమి పడునో ‘బఫే లంచ్’ అను రెండు మాటల చాటున దాగియుండును. కొనుటకు ముందు ఆ చాటును తొలగించి చూడవలసిన పని కొనువానిదే.

ముందుగా పైకము కట్టుటకును మన వద్ద ఒక మర్యాదైన పద్ధతి కలదు. నరసరావుపేటలోనో గుంటూరులోనో చదువుకొనిన వారికి మెస్సు టికెట్ల పుస్తకము గుర్తుండును. నెల మొదట సొమ్ము కట్టి పుస్తకము తెచ్చుకొని, పూటకొక చీటీ చించి గల్లాపెట్టె వద్ద ఇచ్చి కూర్చుండవలెను. శనివారము సాయంకాలము బస్సెక్కి ఊరికి పోయినచో ఆ పూటల చీటీలు పుస్తకములోనే మిగిలియుండును. చుట్టము వచ్చినచో రెండు చీటీలు చించి ఆయనకును భోజనము పెట్టింపవచ్చును. సొమ్ము ముందు తీసికొన్నను ఆకలి మీది అధికారమును మెస్సు యజమాని తీసికొనలేదు. ముందుగా చెల్లించు భోజనపు ఏర్పాటు దేనినైనను తూచుటకు ఇది నాకు తగిన తూనికరాయిగా తోచును: తినని పూట ఎవరిది?

ఈ రాతితో ముందు హైదరాబాదును తూచెదను. 1996లో ఆరంభమైన రామోజీ ఫిలింసిటీ 1,666 ఎకరముల విస్తీర్ణముతో ప్రపంచములో అతిపెద్ద చలనచిత్ర నిర్మాణ ప్రాంగణముగా గిన్నిస్ గ్రంథమునకెక్కినది. ద్వారమునుండి లోపలికి వారి బస్సులలోనే పోవలెను. సెట్టింగులు, ప్రదర్శనలు, తోటలు అన్నియు చూచుసరికి పొద్దువాలును. నడుమ బయటికి వచ్చి, హయత్‌నగరు పోయి, అన్నము తిని తిరిగి వచ్చెదమనుట జరుగు పని కాదు. రవిర్యాల దగ్గర 2016లో తెఱచిన వండర్‌లాలో బయటి తినుబండారములను లోనికి తీసికొనిపోనియ్యరు. ఇట్టి చోట్ల మధ్యాహ్నభోజనము ఎట్లును లోపలనే చేయవలెను. చేయక తప్పని భోజనమునకు ముందే పైకము చెల్లించుటలో పోవునది లేదు, పైపెచ్చు ఎండలో కూపన్ల వరుసయందు నిలువబడు బాధ తప్పును. భోజనముతో కూడిన మేలురకపు టికెట్టు రామోజీలో అమ్మకమునకు కలదు. అందు ఏసీ బస్సు మొదలైనవి కూడ కలిసియుండుటచే భోజనము విలువ ఎంతయో విడదీసి చూచుట కష్టమే గాని, వృద్ధులున్న కుటుంబమునకు ఆ బస్సుకొరకైనను అది తగును. ఒక్క పూటకు మాత్రము కొనుడు. ఉదయపు ఫలహారము, సాయంకాలపు చిరుతిండి, రాత్రి భోజనము అని గొలుసుగా కట్టిన ప్యాకేజీలు లోపలి హోటళ్లలో బసచేయువారికి పనికివచ్చును గాని, సాయంకాలమునకు దిల్‌సుఖ్‌నగరులోని పెద్దనాన్న ఇంటికి చేరి కోడికూర తినబోవు మనవారికి కాదు. టికెట్టు కొనుటకు ముందు మూడు సంగతులు అడిగి తెలిసికొనవలెను: శాకాహారమునకు వేరు బల్ల కలదా, వడ్డన ఏ వేళకు ఆగును, పిల్లల ధరను వయస్సు చూచి నిర్ణయింతురా ఎత్తు చూచియా. వండర్‌లా ప్రవేశపు టికెట్టు ఎత్తును బట్టి యుండును. పొడుగరియైన పదేండ్ల పిల్ల అచట పెద్దల వరుసలో చేరిపోవుట తల్లిదండ్రులు గల్లా వద్దగాని తెలిసికొనరు.

ఇంకొక మాట ఇచటనే చెప్పవలెను. సొమ్ము ముందే ఇచ్చితిమి గదా యని బిర్యాని రెండుమార్లు, గులాబ్‌జామున్ నాలుగు, పైన ఐస్‌క్రీము తిని, అరగంటలోపల గిరగిర తిప్పు రంగులరాట్నములమీద కూర్చున్నవారి గతి ఏమగునో ఆ యంత్రముల క్రింద బకెట్టు, మోపుకర్ర పట్టుకొని నిలిచిన పనివానిని అడిగినచో చెప్పును. బఫేకు పైకము చెల్లించినవాడు దానిని కడుపులో రాబట్టుకొనవలెనని చూచుట మానవస్వభావము; నీటి ఆటలు, ఎత్తు ఆటలు ముందు ముగించుకొని తరువాత భోజనమునకు పోవువాడు ఆ స్వభావమును కొంతవరకు జయించినవాడు.

ఇక ఆర్లాండో. అచట 1971 అక్టోబరు 1న ఆరంభమైన వాల్ట్ డిస్నీ వరల్డ్ ఒక్క పార్కు కాదు, నాలుగు ప్రధానోద్యానములు, వానికి తోడు జలవిహారములు, పదులకొలది హోటళ్లు గల ఒక పట్టణము. 2005లో అచట డైనింగ్ ప్లాన్ అను ఏర్పాటు వచ్చినది; 2020లో మహమ్మారి వలన ఆగి, 2024 జనవరి 9న మరల ఆరంభమైనది. అందు రెండు ముఖ్యమైన తరగతులు. చిన్నదానిలో తలకు రాత్రికి రెండు కౌంటరు భోజనములు, ఒక చిరుతిండి. పెద్దదానిలో ఒకటి కూర్చుండి వడ్డింపించుకొను భోజనము, ఒకటి కౌంటరు భోజనము, ఒక చిరుతిండి. రెండింటను హోటలులో పానీయములు నింపుకొనుటకు ఒక మగ్గు ఇత్తురు. 2024లో పెద్దలకు రాత్రికి చిన్నది 57.01 డాలర్లు, పెద్దది 94.28 డాలర్లు, మూడు నుండి తొమ్మిదేండ్ల పిల్లలకు 23.83, 29.69. కొడుకు, కోడలు, తల్లి, తండ్రి, ఏడేండ్ల మనుమడు అని అనుకొందము: పెద్ద ప్లానుకు రాత్రికి 406 డాలర్ల 81 సెంట్లు, అయిదు రాత్రులకు రెండువేల ముప్పదినాలుగు డాలర్లు. రూపాయలలోనికి మార్చినచో లక్షన్నర దాటును. 2026లో పెద్దలు ప్లాను కొన్నచో ఈ వయస్సు పిల్లలకు ఉచితమని ప్రకటించినారు; అయినను భారమంతయు పెద్దలమీదనే గదా ఉన్నది.

ఈ సంఖ్యలకంటె వీని వెనుకనున్న షరతులు మనకు ఎక్కువ ముఖ్యము. ప్లాను డిస్నీవారి సొంత హోటళ్లలో ప్యాకేజీగా బసకొన్నవారికే లభించును. ఆర్లాండో ప్రక్కనున్న కిసిమ్మీలో వంటయిల్లు గల ఇల్లు అద్దెకు తీసికొని, రైస్‌కుక్కరు వెంటతెచ్చుకొను తెలుగు కుటుంబములకు ఈ ప్రశ్నయే ఉదయింపదు. ఒకరికి కొన్నచో మూడేండ్లు దాటిన అందరికిని, ఉన్నన్ని రాత్రులకును కొనవలెను. మితముగా తిను తల్లిని వదలి, ఆకలిగొన్న కొడుకుకు మాత్రము కొందమన్న వీలు లేదు. పదేండ్లు నిండిన పిల్లకు పెద్దల ధర పడును. ఇరువదియొక్క యేండ్లు నిండినవారికి భోజనముతో మద్యపానీయమును కూడ తీసికొను హక్కు ఆ ధరలోనే ఇమిడియున్నది గనుక, జన్మలో మద్యము ముట్టని మా ఊరి పెద్దలు పొరుగుబల్లవాని ద్రాక్షారసమునకు తమ వంతు చందా వేయుచున్నారన్నమాట. శాకాహారపు పళ్లెము ధర సాధారణముగా మాంసాహారపు పళ్లెముకంటె తక్కువ. ప్లానులో మాత్రము రెండింటికి ఒకే పూట ఖర్చగును. పెద్ద హోటళ్లలో కూర్చుండు భోజనమునకు అరువది దినముల ముందు నుండియే బల్లలు రిజర్వు చేసికొందురు. రెండు నెలల తరువాత బుధవారము మధ్యాహ్నము రెండింటికి తండ్రిగారికి ఏమి తినబుద్ధియగునో ఏ కొడుకు చెప్పగలడు? వడ్డించినవారికి ఇయ్యవలసిన టిప్పు ఇందులో చేరదు. ఇక నా తూనికరాయి: బస ముగించు దినమున అర్ధరాత్రి కాగానే తినని పూటలన్నియు మాసిపోవును. కాబట్టియే కడపటి సాయంకాలమున అంగళ్ల వద్ద, మిగిలిన చిరుతిండి పూటలను సంచులకొలది బిస్కెట్లుగను మిఠాయిలుగను మార్చుకొను కుటుంబములు కనబడుచుండును.

ఇంత చెప్పి, ప్లానుకు అనుకూలముగా ఒక బలమైన వాదమున్నదని చెప్పకుండుట న్యాయము కాదు. ఆ వాదమును ఏ గణకుడును చేయలేదు. అమెరికా పోయివచ్చిన మా ప్రాంతపు పెద్దల మాటలనుండియే అది పుట్టినది. అట్టి ఒక రైతు కథ వింటిని. పార్కులో మధ్యాహ్నము కౌంటరు ముందు కొడుకు నిలిచి, పైన వెలుగుచున్న పట్టికను చూపి, “నాన్నా, ఏం తింటావు?” అని అడిగెను. ఆయన ఆంగ్లపు పేర్లను చదువలేడు గాని అంకెలను చదువగలడు. పదునెనిమిదిని ఎనుబదిమూడుతో వ్రేళ్లమీద గుణించినాడు. “నాకేం వద్దురా, పొద్దున తిన్న ఉప్మానే ఇంకా అరగలా. పిల్లోడికి పెట్టించు” అన్నాడు. ఆ పూట ఆయన తిన్నది మనుమడు విడిచిన బంగాళాదుంప వేపుడు ముక్కలు. రాత్రి భార్యతో మాత్రము నిజము చెప్పినాడట: “వెయ్యిన్నర పెట్టి రొట్టెముక్క తింటారంటే ఎవురన్నా? ఆ డబ్బుతో మన కూలీకి రెండు రోజుల కూలొస్తది.”

ఎరువుల బస్తాకు, పురుగుమందుకు, కోతకూలికి జీవితమంతయు లెక్క కట్టిన చేతులవి. విహారయాత్రకు వచ్చినంత మాత్రమున గుణకారము మానుకొనలేవు. అట్టివాని ముందు “ఇది ముందే కట్టేశాం నాన్నా, తినకపోతే పోతుంది” అను మాట మంత్రమువలె పనిచేయును. ఏ పొదుపు ఆయనను పస్తుంచెనో ఆ పొదుపే ఆయనచేత తినిపించును. ధరల పట్టిక కంటబడకుండ తల్లిదండ్రులకు కడుపునిండ పెట్టవలెనని కోరు బిడ్డలు, నష్టమని తెలిసియే ప్లాను కొనిరేని వారిని నేను తప్పుపట్టను. అది భోజనమునకు కాదు, గుణకారము నుండి ఆ పెద్దవానికి కలుగు విముక్తికి ఇచ్చిన ధర.

రెండవ వాదము ఇంటి ఇల్లాలిది. డిస్నీ ఉద్యానములలోనికి మద్యము, గాజుసీసాలు తప్ప ఇంటి ఆహారమును తీసికొనిపోనిత్తురు. కావున మనవారిలో బుద్ధిమంతులని పేరుపడినవారు “పులిహోర కలుపుకొని పోదాము, పెరుగన్నము డబ్బాలో పెట్టుకొందాము, దానికేమి ఖర్చు?” అని సెలవిత్తురు. ఖర్చు కలదు. పార్కు తెఱచువేళకు ద్వారము వద్ద ఉండవలెనన్నచో తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పరాయి ఊరి పొయ్యిమీద అన్నము వార్చి, చింతపండు పులుసు ఉడికించి, పోపు వేసి, చల్లార్చి డబ్బాల కెత్తవలెను. రాత్రి పదునొకండింటికి తిరిగివచ్చి ఆ డబ్బాలు కడుగవలెను. ఈ పని చేయునది ఏడాదిలో ఆ ఒక్క వారమునకు సెలవు పెట్టుకొని వచ్చిన కోడలో, మోకాళ్ల నొప్పులతో వేల మైళ్లు దాటివచ్చిన అత్తగారో. “మీరు పడుకోండి అత్తయ్యా, నేను చూసుకుంటా” అని కోడలు, “నువ్వు నిన్నంతా పిల్లాణ్ణి ఎత్తుకుని తిరిగావు, నువ్వే పడుకో అమ్మా” అని అత్తగారు వాదించుకొని, చివరకు ఇద్దరును మేల్కొందురు. పులిహోర చౌకయని చెప్పిన మహానుభావుడు మాత్రము ఆరున్నర వరకు నిద్రించును. ఆ నిద్రను లెక్కలో వేయనివాడు ప్లాను ఖరీదైనదని చెప్పుటకు అర్హుడు కాడని నా దృఢాభిప్రాయము. పులిహోర కలుపుట పురుషులకును వచ్చును. రానివారు ప్రయాణమునకు ముందే నేర్చుకొనవచ్చును.

అయితే నా తీర్పేమి? అమెరికా వెళ్లు మా శావల్యాపురపు కుటుంబమునకు, అనగా శాకాహారులో, మద్యము ముట్టనివారో, మితాహారులైన వృద్ధులో సగముమంది గల కుటుంబమునకు, కూర్చుండి తిను పెద్ద ప్లాను తగదు. చిన్న ప్లాను, దినమునకు రెండుపూటలు కౌంటరు వద్ద పిజ్జాలు బర్గర్లు తినగల యువకుల కుటుంబమునకు కొంత తగును; అదియును పానీయము, చిరుతిండి ఒక్కటియు విడువని వారికి. పల్నాటి నాలుకకు మూడవనాటికి ఆ తిండి వెగటు పుట్టించును; నాలుగవనాడు పచ్చడి సీసా బయటికి వచ్చును, ఆ పూట కట్టిన పైకము వృథా యగును. ఆనిమల్ కింగ్డమ్ లాడ్జి హోటలులోని సనా అను భోజనశాలలో మన దేశపు నానులు పచ్చళ్లు ముందు పెట్టుదురు. కారము కొరకు మొగము వాచినవారికి ఒక పూట అచట కూర్చుండుట మేలు, దానికి ప్లాను అక్కరలేదు.

తండ్రి గుణకారమునకు, తల్లి నిద్రకు వేరొక ఉపాయము కలదు. బయలుదేరుటకు ముందు కొడుకు డిస్నీ గిఫ్టుకార్డు కొని, భోజనములకు తాను వెచ్చింపదలచిన మొత్తమును అందులో వేసి, తండ్రి చేతికియ్యవలెను: “ఇది మీ భోజనాల కార్డు నాన్నా, డబ్బు కట్టేసిందే, మళ్లీ అడగొద్దు.” రొట్టెముక్క ధర ఎంతయైనను పెద్దాయనకు అది చెల్లిపోయిన సొమ్ము. తినబుద్ధియైన వేళ తినవచ్చును, అయిదుగురు కలిసి మూడు పళ్లెములు తెచ్చుకొని పంచుకొనవచ్చును, ఏకాదశినాడు పండ్లు మాత్రమే కొనుక్కొనవచ్చును. మధ్యాహ్నము కౌంటరు వద్ద, రాత్రి అద్దెయింట వేడి అన్నము, కందిపొడి, అప్పడము. రాత్రి వంట కొడుకుది. కడపటి దినమున అర్ధరాత్రి దాటినను కార్డులోని సొమ్ము మాసిపోదు. మిగిలినదానితో మనుమనికి మిక్కీమౌసు చెవుల టోపీ కొనవచ్చును. తినని పూటలను చూపి టోపీ అడిగినచో ఆ అంగడివాడు ఇయ్యడు.